ఒకే గుండెలో మూడు రకాల జంతు కణజాలం: ట్రంకస్‌తో పుట్టిన పాప కేసు

పిల్లల గుండె ఆపరేషన్లలో వాడే జంతు కణజాలాల గురించి జూనియర్ డాక్టర్లు ఎప్పుడూ అడిగేది ఒకటే: "సార్, వీటిలో ఏది మంచిది?" దానికి నేను పేరు చెప్పను, ఈ కేసు చెప్తాను. ఈ పాప గుండెలో వేర్వేరు సమయాల్లో మూడు రకాల జంతు కణజాలం పెట్టాం. మూడూ మూడు రకాలుగా ప్రవర్తించాయి. చూడగానే చెడిపోయిందనిపించినది నిజానికి చెడిపోలేదు, కాగితం మీద అన్నిటికంటే ఆశ పెట్టినది నెలల్లోనే ముడుచుకుపోయింది. తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. పాపని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, వయసులూ కొలతలూ ఉజ్జాయింపుగానే ఇచ్చాను.

నేపథ్యం

పాప పుట్టిన రెండో వారంలో మా దగ్గరకి వచ్చింది. బరువు 3 కిలోలకి కొంచెం తక్కువ. పాలు తాగుతూ మధ్యలో ఆగిపోతోంది, నుదుటి మీద చెమట, ఊపిరి బాగా వేగంగా. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, ట్రంకస్ ఆర్టీరియోసస్ అని తేలింది. మామూలుగా గుండె నుంచి రెండు పెద్ద నాళాలు బయల్దేరతాయి, ఒకటి ఒంటికి, ఒకటి ఊపిరితిత్తులకి. ఈ పాపకి ఉన్నది ఒకటే నాళం. దాని వెనక వైపు నుంచి ఊపిరితిత్తులకి వెళ్లే రెండు కొమ్మలు పుడుతున్నాయి, కింద రెండు గదుల మధ్య పెద్ద రంధ్రం ఉంది. ఆ ఒక్క నాళం మొదట్లో ఉన్న వాల్వ్‌కి మూడు రెక్కలు కాదు, నాలుగు ఉన్నాయి. నాలుగోది చాలా చిన్నది. కొద్దిగా లీక్ కూడా ఉంది. ఈ నాలుగో రెక్క తర్వాత మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ట్రంకస్ ఉన్న పిల్లల్లో చాలామందికి 22క్యూ11 అనే క్రోమోజోమ్ భాగం లోపించి ఉంటుంది, ఈ పాపకీ అదే వచ్చింది. అందువల్ల రెండు జాగ్రత్తలు. రోగనిరోధక శక్తి తక్కువ ఉండొచ్చు కాబట్టి ఎక్కించే రక్తాన్ని రేడియేషన్ ఇచ్చి వాడాలి. కాల్షియం స్థాయిని చూసుకునే పారాథైరాయిడ్ గ్రంథులు సరిగ్గా పనిచేయక రక్తంలో కాల్షియం పడిపోతుంది కాబట్టి దాన్ని సరిచేస్తూ ఉండాలి. తండ్రి ఈ రెండో మాట విని చాలా సూటిగా అడిగారు. "డాక్టర్ గారూ, మీరు పెట్టే కణజాలం కాల్షియం పట్టి గట్టిపడుతుందన్నారు కదా, మళ్లీ మీరే కాల్షియం ఎక్కిస్తామంటున్నారేమిటి?"

మంచి ప్రశ్న. నవజాత శిశువు గుండె కండరం సంకోచించాలంటే రక్తంలోని కాల్షియం మీదే ఎక్కువ ఆధారపడుతుంది, అది పడిపోతే ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే బైపాస్ యంత్రం నుంచి బయటికి రావడమే కష్టం. కణజాలం గట్టిపడేది ముఖ్యంగా అందులో మిగిలిపోయిన రసాయనం వల్ల, చచ్చిన కణాల పొరల్లో ఉండే ఫాస్ఫరస్ వల్ల, శరీరం దాన్ని పరాయిదిగా చూడటం వల్ల. కాబట్టి కాల్షియం ఆపే ఆలోచనే లేదు, మామూలు స్థాయిలో ఉంచాలి, అవసరానికి మించి పోయకూడదు. ఆయనకి అదే చెప్పాం.

మొదటి ఆపరేషన్: ఏది ఎక్కడ

ఇక్కడ కొంచెం ఆగి కణజాలం సంగతి చెప్పాలి. పశువు గుండె చుట్టూ ఉండే పొరని గానీ మెడ సిరని గానీ అలాగే తెచ్చి మనిషిలో పెడితే నిలవదు. 1960ల చివర్లో ఫ్రాన్స్‌లో ఆలెన్ కార్పెంటియర్ గ్లుటరాల్డిహైడ్‌తో ఆ కణజాలాన్ని స్థిరపరిచే పద్ధతి తెచ్చారు. ఈ రసాయనం కొలాజెన్ పోగుల్ని ఒకదానితో ఒకటి కట్టేస్తుంది, కణజాలం కుళ్లదు, శరీరం దాన్ని గుర్తుపట్టడమూ తగ్గుతుంది. తగ్గుతుంది అంతే, పూర్తిగా పోదు. పశువుల్లో, పందుల్లో ఆల్ఫా-గాల్ అనే ఒక చక్కెర అణువు ఉంటుంది, మనుషుల్లో ఉండదు. మన పేగుల్లోని బ్యాక్టీరియా వల్ల దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు మన ఒంట్లో ముందే తయారై ఉంటాయి. దానికి తోడు, కట్టుబడకుండా మిగిలిన ఆల్డిహైడ్ కాల్షియాన్ని లాక్కుంటుంది. పిల్లల ఒంట్లో ఎముకలు పెరుగుతూ ఉంటాయి, రోగనిరోధక స్పందన చురుగ్గా ఉంటుంది. అందుకే పెద్దవాళ్లలో ఏళ్లపాటు మెత్తగా ఉండే కణజాలమే పసిపిల్లల్లో చాలా ముందే గట్టిపడుతుంది. పైగా అది పెరగదు, పిల్ల పెరుగుతుంది.

ఈ పాపకి మూడు చోట్ల ఏదో ఒకటి పెట్టాలి: గదుల మధ్య రంధ్రానికి, ఊపిరితిత్తుల కొమ్మలు విడదీశాక పెద్ద నాళానికి పడే రంధ్రానికి, కుడి గది నుంచి ఆ కొమ్మలకి కొత్తగా వేసే దారికి.

కొత్త దారి గురించే ఎక్కువ చర్చ జరిగింది. 1967లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డ్వైట్ మెక్‌గూన్ ట్రంకస్‌ని సరిచేసినప్పుడు వాడింది మనిషి నుంచి తీసిన, వాల్వ్ ఉన్న నాళాన్ని, అంటే హోమోగ్రాఫ్ట్‌ని. ఇప్పటికీ చాలామందికి మొదటి ఎంపిక అదే. అయితే నవజాత శిశువుకి సరిపోయే సైజు కావాలంటే దాత కూడా చిన్న బిడ్డే అయి ఉండాలి, కావలసిన రోజుకి అది దొరకడం అరుదు. మాకూ దొరకలేదు. రెండో దారి, అసలు కండ్యూట్ (దారిగా కుట్టే గొట్టం) లేకుండా ఊపిరితిత్తుల కొమ్మల్ని నేరుగా కుడి గదికి దించి, ముందు భాగాన్ని ప్యాచ్‌తో కప్పడం. ఇది బ్రెజిల్‌లో బార్బెరో-మార్షియల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. దీనిలో పెరిగే అవకాశం ఉంటుంది, నాకు ఇష్టమైన ఆలోచనే, కానీ నమ్మకంగా మూసుకునే వాల్వ్ ఉండదు. ట్రంకస్ పిల్లల ఊపిరితిత్తుల్లో పీడనం ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో ఉన్నట్టుండి ఎగసిపోతుంది, ఆ గంటల్లో వెనక్కి లీకయ్యే వాల్వ్ ఉంటే కుడి గది తట్టుకోవడం కష్టం. మూడో దారి పశువు మెడ సిర. అందులో పుట్టుకతోనే మూడు రెక్కల వాల్వ్ ఉంటుంది, గోడ మెత్తగా ఉంటుంది, రెండు వైపులా కావలసినంత పొడవు ఉంటుంది కాబట్టి గది వైపు వేరే గుడ్డ జోడించక్కర్లేదు, అన్నిటికంటే చిన్నది 12 మి.మీ.లో దొరుకుతుంది. మేం అదే తీసుకున్నాం. ఇది తాత్కాలికమని మాకు తెలుసు, తల్లిదండ్రులకీ ముందే చెప్పాం.

పెద్ద నాళానికి పడిన రంధ్రానికి పాప సొంత గుండె పొరే వాడాం, 0.6 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, సెలైన్‌లో బాగా కడిగి. సొంత పొర విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి, అది దాచుకునే వస్తువు కాదు. మొదటిసారి ఛాతీ తెరిచినప్పుడు ముందు వైపు పొర చక్కగా దొరుకుతుంది. వాడకుండా వదిలేస్తే రెండోసారికి అది మచ్చకట్టి గుండెకి అతుక్కుపోయి ఉంటుంది. కాబట్టి "తర్వాతకి మిగుల్చుదాం" అనే మాటకి ఇక్కడ అర్థం లేదు, అన్నిటికంటే విలువైన చోట మొదటే వాడేయాలి. అది ఒంటికంతా రక్తం వెళ్లే నాళం గోడ, ఎక్కువ పీడనం ఉండే చోటు, అక్కడ పరాయి కణజాలం మీద శరీరం చేసే యుద్ధం నాకు వద్దనిపించింది.

గదుల మధ్య రంధ్రానికి పశువు గుండె పొర ప్యాచ్. ఇక్కడ పెద్దగా ఆలోచించలేదు. ఆ ప్యాచ్ కదలదు, కొన్ని నెలల్లో దాని మీద పాప సొంత పొర కమ్ముకుంటుంది, తర్వాత కాస్త గట్టిపడినా నష్టం లేదు.

తల్లిదండ్రులకి ఏది ఏ జంతువుదో ఆపరేషన్‌కి ముందే, సంతకానికి ముందే చెప్పాం. కొన్ని కుటుంబాలకి విశ్వాసాల రీత్యా పశువుదో పందిదో అనేది చిన్న విషయం కాదు, సంతకం పెట్టించుకున్నాక తెలియడం కంటే అన్యాయం లేదు. ఇంకో ప్రత్యామ్నాయం ఉందా, దాని వల్ల బిడ్డకి ఏం తేడా వస్తుంది అనేది కూడా అప్పుడే చెప్పాలి. తల్లి అడిగింది వేరే భయం: జంతువు జబ్బులు పాపకి వస్తాయా అని. ఏ మంద నుంచి, ఎక్కడి నుంచి తెచ్చారు, ఎలా శుద్ధి చేశారు అనేదానికి ఐఎస్ఓ 22442 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, తయారీదారు అదంతా నమోదు చేయాలి, డబ్బా మీది నంబర్‌తో వెనక్కి వెతకొచ్చు అని చెప్పాం. ఆ నంబర్లు కేస్ షీట్‌లోనూ వాళ్లకిచ్చిన కార్డులోనూ రాశాం.

ఆపరేషన్ గదిలో చిన్న విషయమే కానీ నేను పట్టుబట్టేది కడగడం. ఈ కణజాలాలు గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలోనే నిల్వ ఉంటాయి. తయారీదారు చెప్పినన్ని గిన్నెల సెలైన్‌లో, చెప్పినంతసేపు కడగాల్సిందే, బైపాస్ టైమ్ నడుస్తోందని తొందరపడకూడదు. కడిగాక కుట్టేదాకా తడిగానే ఉంచాలి, లైట్ల కింద ఎండిపోయిన రెక్క మళ్లీ మామూలుగా అవదు.

సమస్య మొదలైంది

మొదటి ఏడాది హాయిగా గడిచింది. పాప బరువు పెరిగింది, తక్కువ మోతాదు ఆస్పిరిన్ మీద ఉంది. ఏడాదిన్నర దాటాక ఎకోలో కండ్యూట్ గుండా రక్తం వేగం పెరగడం మొదలై, సెకనుకి 4 మీటర్లు దాటింది. వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే పీడనంలో తేడా వస్తుంది. 4 మీటర్లంటే 64 మి.మీ. మెర్క్యురీ. కుడి గది పీడనం ఎడమ గదిలో మూడింట రెండు వంతులు దాటింది. దాంతోపాటు నాలుగు రెక్కల వాల్వ్ లీక్ కూడా నెమ్మదిగా పెరుగుతోంది.

మీటింగ్‌లో వినపడిన మాట, "పశువు సిర చెడిపోయింది, ఈసారి ఇంకోటి వేద్దాం." పిల్లల్లో కండ్యూట్ ఇరుకవగానే అందరి నోటా ముందు వచ్చేది ఇదే. నేను ఎకో మళ్లీ మొదటి నుంచి చూడమన్నాను, ఇరుకు ఏ అంగుళంలో ఉందో చెప్పమన్నాను. వాల్వ్ రెక్కలు పల్చగా ఉన్నాయి, బాగా తెరుచుకుంటున్నాయి, లీక్ నామమాత్రం. వేగం పెరిగేది వాల్వ్ దగ్గర కాదు, దాన్ని దాటాక, సిర చివర ఊపిరితిత్తుల కొమ్మలకి కుట్టిన చోట. సీటీలోనూ అదే. అంటే గొట్టం బాగానే ఉంది, అతుకు దగ్గర ఇరుకైంది. మెడ సిర కండ్యూట్లలో ఇది బాగా తెలిసిన సమస్యే, ఆ కుట్టు చుట్టూ లోపలి వైపు మందపాటి కణజాలం ఉంగరంలా పెరుగుతుంది. దీనికి శరీర స్పందన ఒక కారణం. 12 మి.మీ. గొట్టాన్ని అంతకంటే సన్నటి కొమ్మలకి కుట్టడం వల్ల అక్కడ రక్తం సుడులు తిరగడం ఇంకో కారణం, కొమ్మలు సరిగ్గా పెరగకపోవడం మూడోది.

ఈ తేడా పట్టుకోవడం ఎందుకంత ముఖ్యం అంటే, రెక్కలు గట్టిపడి ఉంటే జబ్బు కణజాలానిది, వేరే కణజాలం వెతకాలి. అతుకు ఇరుకైతే ఏ కణజాలం తెచ్చినా అదే చోట అలాగే కుడితే మళ్లీ ఇదే కథ.

చేసి చూసినవి

ముందు క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఛాతీ తెరవకుండా రక్తనాళం గుండా చికిత్స చేసే గదిలో, బెలూన్. పాప చిన్నది, మళ్లీ ఛాతీ తెరవడాన్ని కొన్నాళ్లు వాయిదా వేయగలిగితే తర్వాత పెద్ద సైజు వేయొచ్చు. బెలూన్ నిండినప్పుడు నడుములా నొక్కుకున్న చోటు పోయింది, పీడనం తేడా సగానికి తగ్గింది. అందరికీ ఊరట. కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వచ్చింది. ఆ ఉంగరం సాగే గుణం ఉన్నది, బెలూన్ దాన్ని సాగదీసిందే తప్ప చింపలేదు.

స్టెంట్, అంటే లోహపు జాలీ గొట్టం, పెడదామన్నారు క్యాథ్ చేసే సహచరులు. వాళ్ల వాదనలో బలం ఉంది, స్టెంట్ అయితే వెనక్కి ముడుచుకోదు. నేను వద్దన్నది మూడు కారణాల వల్ల. ఇరుకు సరిగ్గా రెండు కొమ్మలు విడిపోయే చోట ఉంది, అక్కడ స్టెంట్ పెడితే ఒక కొమ్మ మూతిని జాలీ అడ్డుకుంటుంది. ఈ ఒంటికి పట్టే చిన్న స్టెంట్ పెద్దయ్యాక కావలసినంత వెడల్పుకి సాగదు, తర్వాత దాన్ని కోసి తీయాలి. మూడోది అసలు కారణం: వాల్వ్ లీక్ ఎలాగూ పెరుగుతోంది, అంటే ఆపరేషన్ తప్పేలా లేదు, ఆ ఆపరేషన్‌లో కొమ్మల్ని వెడల్పు చేయాల్సిన చోట లోహం ఇరుక్కుని ఉండటం నాకు ఇష్టం లేదు.

ఈ మధ్యలో పాపకి జ్వరం వచ్చి తగ్గకుండా ఉంది. మెడ సిర కండ్యూట్లలో ఇన్‌ఫెక్షన్ మిగతా వాటికంటే ఎక్కువగా కనబడుతుందని చాలా సెంటర్లు రాశాయి, కాబట్టి కారణం తెలియని జ్వరం అంటే మాకు టెన్షన్. యాంటీబయాటిక్ ఒక్క చుక్క పడకముందే రక్తం కల్చర్లు (రక్తంలో క్రిములు పెరుగుతాయా అని చూసే పరీక్ష) విడివిడిగా తీశాం. కల్చర్లలో ఏమీ రాలేదు, జ్వరం దానంతటదే తగ్గింది. ఇంట్లో వాళ్లకి మళ్లీ గుర్తు చేశాం: జ్వరం వస్తే ముందు కల్చర్, తర్వాతే మందు. పళ్లు శుభ్రంగా ఉంచాలి, పంటి చికిత్సకి అరగంట నుంచి గంట ముందు కిలోకి 50 మి.గ్రా. చొప్పున అమోక్సిసిలిన్.

రెండో ఆపరేషన్

రెండేళ్లు దాటాక, 11 కిలోల బరువులో మళ్లీ తెరిచాం. తీసిన కండ్యూట్‌ని టేబుల్ పక్కనే నిలువుగా కోసి చూశాం. గోడలో అక్కడక్కడా కాల్షియం, రెక్కలు మాత్రం పల్చగా, అద్దంలా ఉన్నాయి. చివరి కుట్టు దగ్గర తెల్లటి మందపాటి ఉంగరం. ఎకో చెప్పిందే కంటికి కనబడింది.

అందుకే మళ్లీ పశువు మెడ సిరే వేశాం. చాలామందికి ఇది వింతగా అనిపించింది. కణజాలం మార్చలేదు, కుట్టే విధానం మార్చాం. రెండు కొమ్మల్నీ ఊపిరితిత్తిలోకి వెళ్లే చోటిదాకా చీల్చి తెరిచి, పల్చటి పశువు గుండె పొరతో వెడల్పు చేశాం, ఈ ప్యాచ్ కణాలు తొలగించి, తక్కువ గ్లుటరాల్డిహైడ్‌తో శుద్ధి చేసిన రకం. కొత్త సిర చివరని అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోసి ఆ వెడల్పాటి మూతికి కుట్టాం. సైజు 16 మి.మీ. ఇంకా పెద్దది పెట్టొచ్చు కదా అంటే, రెండేళ్ల పిల్ల ఛాతీ ఎముక వెనక పెద్ద గొట్టం నలిగిపోతుంది, మెలిక పడుతుంది. 16 కంటే తగ్గకపోవడానికి వేరే లెక్క ఉంది. 2000లో ఫిలిప్ బోన్‌హోఫర్ మొదటిసారి రక్తనాళం గుండా, ఛాతీ తెరవకుండా పల్మనరీ వాల్వ్ (ఊపిరితిత్తులకి వెళ్లే దారిలోది) పెట్టారు. ఆ వాల్వ్ కూడా పశువు మెడ సిర వాల్వే, లోహపు స్టెంట్ లోపల కుట్టింది. తర్వాత అది వాడకంలోకి వచ్చినప్పుడు పెట్టిన షరతుల్లో ఒకటి, కండ్యూట్ మొదట కుట్టినప్పుడు కనీసం 16 మి.మీ. ఉండాలని. ఈ పాపకి తర్వాతి వాల్వ్ ఛాతీ తెరవకుండా వెళ్లాలంటే ఆ దారి ఇప్పుడే ఉంచాలి.

చివర్లో కండ్యూట్‌కీ ఛాతీ ఎముకకీ మధ్య పీటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన పల్చటి పొర పరిచాం. మళ్లీ తెరిచే రోజు రంపం కండ్యూట్‌లోకి దిగకుండా.

ఇక నాలుగు రెక్కల వాల్వ్. ఒక పెద్ద రెక్క కిందికి జారి మూసుకోవడం లేదు. రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, చిన్నగా ఉన్న నాలుగో రెక్కని తీసేసి, దాని చుట్టుకొలత తగ్గించి, మూడు రెక్కల వాల్వ్‌గా మార్చడం. ఇందులో బయటి వస్తువు ఏమీ ఉండదు. కానీ గుండె కండరానికి రక్తం ఇచ్చే ఎడమ కరోనరీ నాళం సరిగ్గా ఆ చిన్న రెక్క వెనకున్న జేబు లాంటి గుంతలోంచే బయల్దేరుతోంది. రెక్క తీయాలంటే కరోనరీని చుట్టూ కాస్త నాళం గోడతో సహా బటన్‌లా కోసి పక్కకి మార్చి కుట్టాలి. నెలల తరబడి ఎక్కువ పీడనానికి పనిచేసి మందమైన కుడి గది, సన్నటి కరోనరీ, ఆపరేషన్ అప్పటికే పొడవు. ఆ రోజుకి ఆ రిస్క్ తీసుకోకూడదని నిర్ణయించాం. రెండోది, జారిన రెక్క అంచుకి కొంచెం కణజాలం జోడించి పొడిగించడం. సొంత పొర అయిపోయింది, మిగిలింది మచ్చే. గ్లుటరాల్డిహైడ్ పట్టించిన పశువు పొర కదిలే రెక్క మీద ఈ వయసులో త్వరగా గట్టిపడుతుంది. అందుకని పంది చిన్నపేగు లోపలి పొర నుంచి తయారుచేసిన ప్యాచ్ ఎంచుకున్నాం. అందులో కణాలు ఉండవు, గ్లుటరాల్డిహైడ్ ఉండదు. ఆలోచన ఏమిటంటే అది ఒక పందిరిలా నిలిచి, పాప సొంత కణాలు అందులోకి చేరి, క్రమంగా సొంత కణజాలంగా మారుతుందని. తల్లిదండ్రులకి పంది సంగతి విడిగా చెప్పి, విడిగా అనుమతి తీసుకున్నాం.

నిలవనిది

ఆపరేషన్ గదిలోని ఎకోలో లీక్ చాలా కొద్దిగా ఉంది. కొన్ని వారాలు బాగుంది. ఏడాది తిరగకముందే లీక్ మొదటికంటే ఎక్కువైంది, ఎడమ గది సాగడం మొదలైంది. ఎకోలో ఆ ప్యాచ్ మందంగా, పొట్టిగా కనబడుతోంది, పక్కనున్న పాప సొంత రెక్క భాగం మాత్రం మామూలుగానే ఊగుతోంది.

మూడోసారి తెరిచినప్పుడు ఆ ప్యాచ్ ముడుచుకుని గట్టిగా ఉంది. పరీక్షలో దీర్ఘకాలిక వాపు కణాలు, మచ్చ కణజాలం కనబడ్డాయి. వాల్వ్ రెక్కకి ఉండాల్సిన మూడు పొరల అమరిక ఎక్కడా లేదు. ఇదే రకం కణజాలాన్ని పిల్లల వాల్వ్‌ల నుంచి తీసి పరీక్షించిన ఇతర సెంటర్లూ ఇలాంటివే రాశాయి. కణాలు వచ్చి చేరాయి, నిజమే, కానీ రెక్క కట్టడానికి రాలేదు, పరాయిదాన్ని తినేయడానికి వచ్చాయి.

అదే కణజాలం నిలకడగా ఉండే గోడ మీద వేస్తే ఇంత ఇబ్బంది పెట్టేది కాదనే నా అభిప్రాయం. చొక్కా మోచేతి దగ్గర వేసిన మాసిక, వీపు మీద వేసిన మాసిక ఒకే గుడ్డతో వేసినా ఒకేలా నిలవవు. నిమిషానికి 100 సార్లు కొట్టుకునే గుండెలో ఒక రెక్క రోజుకి లక్షా 44 వేల సార్లు మడత పడి తెరుచుకుంటుంది. ఆ మడతలో కొంచెం మందం పెరిగినా, ఒక మి.మీ. పొట్టి అయినా అంచు అంచుకి అందదు. గదుల మధ్య ప్యాచ్‌కి అదే ఒక మి.మీ. లెక్కలోకే రాదు.

నిలిచినది

మూడో ఆపరేషన్‌కి మేం అనుకున్న నియమం ఒకటే, ఈ వాల్వ్‌లో ఇక బయటిది ఏదీ పెట్టొద్దు. ముడుచుకున్న ప్యాచ్ తీసేశాం. ఎడమ కరోనరీని బటన్‌లా విడదీసి, నాలుగో రెక్కనీ దాని జేబునీ తీసేసి, నాళం చుట్టుకొలత తగ్గించి, మిగిలిన మూడు సొంత రెక్కలు మధ్యలో కలిసేలా కుట్టి, కరోనరీని కొత్త చోట అతికించాం. రెండోసారి ఎందుకు వాయిదా వేశామో ఆ కారణాల్లో ఒకటి ఇప్పుడు లేదు. కండ్యూట్ దారి విశాలమయ్యాక కుడి గది పీడనం తగ్గింది, మందం తగ్గింది, గుండె ఎక్కువసేపు ఆగినా తట్టుకునే స్థితిలో ఉంది. పైగా రెండోసారి పరిచిన పీటీఎఫ్‌ఈ పొర వల్ల ఛాతీ ఎముక తెరవడం ఊహించినంత కష్టం కాలేదు, కండ్యూట్‌ని తాకకుండానే పని ముగించాం.

ఇప్పుడు పాప బడికి వెళ్తోంది, మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. మూడు రెక్కలుగా మార్చిన వాల్వ్‌లో స్వల్ప లీక్, పెరగడం లేదు. రెండో మెడ సిర కండ్యూట్‌లో పీడనం తేడా తక్కువే, చివరి అతుకు దగ్గర ఉంగరం ఇప్పటిదాకా కనబడలేదు. మొదటి రోజు వేసిన గదుల మధ్య ప్యాచ్ ఎకోలో కాస్త మెరుస్తుంది, అంటే గట్టిపడింది, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. పెద్ద నాళం గోడలో వేసిన సొంత పొర ఎక్కడుందో వెతికినా పట్టుకోలేం.

ఈ కేసు తర్వాత మేం మార్చుకున్నవి

కణజాలం పేరుతో చర్చ మొదలుపెట్టడం ఆపేశాం. ముందు చోటు గురించి అడుగుతాం: అది కదిలేదా, నిలకడగా ఉండేదా? అక్కడ పీడనం ఎంత? పిల్ల పెరిగేకొద్దీ ఆ చోటు ఎంత పెరగాలి? ఇది చెడిపోయిన రోజు దాన్ని ఎలా చేరతాం, ఛాతీ తెరిచా, తొడ సిర గుండానా? ఈ జవాబులు వచ్చాక కణజాలం దాదాపు దానంతటదే తేలుతుంది. కదిలే రెక్కలకి వీలైనంతవరకూ బిడ్డ సొంత కణజాలం, అది మొదటి ఆపరేషన్‌లోనే సమృద్ధిగా దొరుకుతుంది కాబట్టి ఆ రోజే ఆలోచించాలి. కణాలు వచ్చి కొత్త కణజాలం కడతాయన్న వాగ్దానం ఉన్న పదార్థాల్ని పసిపిల్లల వాల్వ్ రెక్కల్లో నేనిక వాడటం లేదు. గోడల్లో వాడటానికి నాకు అభ్యంతరం లేదు.

కండ్యూట్ ఇరుకైందన్న ఏ రిపోర్టు వచ్చినా, ఇరుకు వాల్వ్ దగ్గరా, అతుకు దగ్గరా అని రాయకపోతే ఆ రిపోర్టు వెనక్కి పంపుతాం. తీసిన ప్రతి కణజాలాన్నీ కోసి చూసి, ఫొటో తీసి, పరీక్షకి పంపుతాం. పారేసిన కండ్యూట్ ఏమీ నేర్పదు.

ప్రతి బిడ్డకీ ఒక పేజీ కాగితం తయారుచేసి తల్లిదండ్రులకి ఇస్తున్నాం: గుండె బొమ్మ, ఏ చోట ఏ జంతువు కణజాలం, సైజు, నంబర్, తేదీ, ఎందుకు అది ఎంచుకున్నామో ఒక వాక్యం. ఈ పాపకి తర్వాతి అడుగు వేసేది మేమే కావాలని లేదు, కుటుంబం ఊరు మారొచ్చు, మేం ఉండకపోవచ్చు. ఆ అడుగు బహుశా క్యాథ్ ల్యాబ్‌లో కండ్యూట్ లోపల స్టెంట్ వాల్వ్ పెట్టడమే అవుతుంది. అందుకే ఈ పాప కాగితం మీద కింద ఎర్ర సిరాతో ఇలా రాసి ఉంది: ఎడమ కరోనరీని మూడో ఆపరేషన్‌లో కండ్యూట్ వైపుకి జరిపాం, కండ్యూట్‌లో ఏ స్టెంట్ పెట్టాలన్నా ముందు సీటీలో దూరం కొలవాలి, ఆ తర్వాత బెలూన్ నింపి ఉంచి కరోనరీ యాంజియో చేసి, అది నొక్కుకోవడం లేదని తేల్చుకున్నాకే పెట్టాలి.